చెవి కుట్టిన కెమెరా

ఒంగోలు కర్నూలు రోడ్డులో
కాశింపీరా పెళ్లి వీడియోల కొట్టు.
గాజు బల్ల మీద మూడు క్యామ్‌కార్డర్లు పెట్టి
"చూసుకోండబ్బయా" అని టీకి పోయినాడు.

నా జేబులో తొమ్మిది వేల మూడొందలు.
నాలుగు వేలు నావి,
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
చెక్క చట్రాలకు మూలలు కొట్టిన డబ్బులు.
తిరపాలువి మూడు వేలు,
వాళ్ల కొట్టంలో ఒక బర్రెదూడ తగ్గింది.
మిగతాది గాలెమ్మత్తది.
మా సినిమాకి హీరోయిన్ ఆమే.
"నా మొగం బాగా పడాల" అన్నది.
అంతే షరతు.

మొదటిది నిగనిగలాడతా ఉంది,
ఒంటి మీద బంగారు అంకె: డెబ్బై రెట్లు జూమ్.
తిరపాలు దాన్నే పట్టుకున్నాడు.
రోడ్డవతల హోటల్లో
ఎవరి దోసె మీదో ఎర్రకారం దాకా లాగాడు.
బొమ్మ వణికింది,
వానలో తడిసిన కోడిపిల్ల లాగా.

టీ తాగొచ్చిన కాశింపీరా నవ్వలేదు.
"దగ్గరగా చూడాలంటే దగ్గరికి పో.
కాళ్లు దేనికున్నయ్ నీకు?"

రెండోది తేలిక, చవక.
కొట్లో ట్యూబులైటు ఆపి చూపించాడు:
నా మొగం నిండా జొన్నరవ్వ చల్లినట్టు
గింజలే గింజలు.

మూడోది ముసలిది, టేపు మింగే రకం.
చేతిపట్టీ తెగితే పంచె అంచుతో కుట్టున్నారు.
నూట పన్నెండు పెళ్లిళ్లు చేసిందంట,
ఒక్క పూట అలిసిపోయానని అనలేదంట.
దాన్ని పక్కకు తిప్పి
గోటితో ఒక చిన్న బెజ్జం చూపించాడు.
"ఇదబ్బయా, చెవి కుట్టిన కెమెరా.
మైకు ఇందులో గుచ్చుకో.
బొమ్మ మసకైతే జనం కళ్లు చికిలించుకోనైనా చూస్తారు.
మాట వినపడకపోతే చెప్పులేసుకుంటారు."

ఆరు వేలకు తెగింది బేరం.

కాలరు మైకు ఆరొందలు.
స్టాండు పదమూడొందలు,
మూడు కాళ్లున్నయ్, ఒకటి మాట వినదు.
రెండో బ్యాటరీ తొమ్మిదొందలంటే
ఒకటి చాల్లే అన్నాడు తిరపాలు.
మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసీ
ఆ మాటెట్టా అన్నాడో వాడికే తెలియాల.
కొన్నాం. టేపులు మూడొందలు.
మిగిలిన రెండొందలు బస్సు తినింది,
పొదిలిలో నాలుగు ఇడ్లీ మేం తిన్నాం.

లైటు కొనలేదు.
ఎండకి ఏ రోజు కరువు మార్కాపురంలో?
ఎవరింటి టీవీ పెట్టెలోదో థర్మోకోల్ అట్ట
అత్త గడ్డం కింద పెడితే
ముడతల్లోకి మెల్లగా వెలుగు పాకింది.

క్లాప్ బోర్డుకైతే ఖర్చే లేదు,
పలక మా ఊరిదే.
విరిగిన చట్రం ముక్కకు బందు బిగించి
సుద్దతో రాశాం: సీను ఒకటి, టేకు ఒకటి.

ఫ్యాక్టరీ వెనక, రాతి ముక్కల గుట్ట దగ్గర
అత్త నోరు తెరిచింది.
చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న నాకు
రంపాలే వినపడినయ్,
రాతి లోంచి, నేల లోంచి, నా పళ్ల లోంచి.
ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్న మోత
ఆరొందల మైకు చెప్పిందాకా నాకు తెలియదు.

ఇంక కరెంటు పోయే వేళకి కాచుకున్నాం.
రెండింటికి పోయింది.
రంపం ఒక్కొక్కటే మూలిగి ఆగింది.
ఎక్కడో గువ్వ కూసింది.
తిరపాలు పలక కొట్టాడు,
అంచు చిట్లి పెచ్చు ఎగిరింది.

డైలాగు కన్నా ముందు దగ్గొచ్చింది అత్తకి.
కట్ అన్నాను.
"యాక్షన్ కాదబ్బయా ఇది, దుమ్ము" అని
పైట కొంగుతో నోరు తుడుచుకుని
మళ్లీ నిలబడింది.

మళ్లీ దగ్గు.
లోపల్నించి,
పలకలు పేర్చిన గదిలో ఎవరో
ఒక్కో పలకా జరుపుతున్నట్టు.
ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది,
బ్యాటరీ ఇంకో రెండు నిమిషాలు.
స్టాండు మాట వినని కాలిని
నా మోకాలితో అదిమి పట్టుకుని
నేను కట్ అనలేదు.

"మొగం పడిందా?" అని అడిగింది అత్త,
ఊపిరి అందగానే.

తిరపాలు మోచేత్తో పలక తుడిచి
మూడు వెయ్యబోయి
సుద్దముక్క అట్టాగే పట్టుకుని
ఆమెనే చూస్తా ఉన్నాడు.