గింజ మెడలో పచ్చ చుక్క

మా గుంటలో రొయ్యకు మీటరుండాది.
నీళ్ళలో ఊపిరి తగ్గితే
రాత్రి రెండింటికి నా ఫోను మోగతాది.
రొయ్య వైభోగం చూడు సామీ!
ఆ ఫోను మోగేలోపలే
నా దుప్పటి పట్టి లాగే కుక్కకు మాత్రం
మెడలో గోనెతాడు.

పేరు గింజ.
తూము కాడ దొరికిన నాడు
చింతగింజంత ఉన్నిందని
మా చెంగమ్మ పెట్టిన పేరు.
ఇప్పుడది గట్టెక్కి నిలబడితే
కొంగల గుంపు కాలవ దాటి కూచుంటాది.

పోయిన తుఫానుకి మూడు రాత్రులు కనపడలా.
పంట తెల్లమచ్చకి పోయినా ఏడవని మనిషిని,
సరుగుడు తోపులో టార్చి పట్టుకొని
పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నా.
నాలుగోనాడు అదే వచ్చింది,
తోక నిండా పల్లేరుకాయలతో,
ఏమీ ఎరగనట్టు.

అందుకే నెల్లూరు పోయినా.
ట్రంకు రోడ్డులో ఖాజా అంగడి.
మొదట, వేళకు కూడు వడ్డించే డబ్బా తీసినాడు.
"మీరు లేకపోయినా గిన్నెలో పడిపోద్దన్నా."
పడతాది, కాదన్నా.
చెంగమ్మ "దా నాయనా" అనందే
గింజ చేపముక్కైనా ముట్టదే!
"ఆ మాట రికార్డు చేసుకోవచ్చన్నా."
రికార్డు చేసిన పిలుపుకి
వేళ్ళకంటిన పులుసు వాసన ఎట్టా వస్తాది?

తరవాత, గోడకు తగిలించే కన్ను.
టౌన్లో ఉండి కుక్కతో మాట్లాడొచ్చంట.
నా గొంతు గోడలోనుంచి వస్తే
అది గోడ వెనక నన్ను వెతికి
గోళ్ళు అరగదీసుకోదా?
వద్దులే ఖాజా,
దాన్ని అబద్ధమాడి పిలవలేను.

ఆఖర్న పట్టెడ.
అగ్గిపెట్టెలో సగముండాది.
మాట్లాడదు, కూడు పెట్టదు,
యాడుందో అంత మటుకు చెబుతాది.
"మొదటిసారి కొనేవాళ్ళకి ఇదే మేలు.
మెడకీ పట్టెడకీ నడమ
రెండు వేళ్ళు దూరాలన్నా, బిగించబాక."
ఆ ఒక్క మాటకి అతని మీద నమ్మకం కుదిరింది.
రెండు బస్తాల మేత ఖరీదు.
మేతకి ఆడినట్టే బేరమాడి ఇచ్చినా.

నా ఫోనంతా రొయ్యల గోలతో నిండిపోయిందని
కుక్క బొమ్మ చెంగమ్మ ఫోనులో ఎక్కించినాం.
అదే నేను చేసిన తప్పు.

ఐదు నాళ్ళకోసారి చార్జింగు,
ఏరియేటరు స్టార్టరు పక్క ప్లగ్గులో.
మొదటిరోజు గింజ మెడను గట్టుకేసి రుద్దింది.
రెండోరోజు మరిచింది.
తోపులో సిగ్నలుండదు.
చుక్క అక్కడే ఆగతాది, కుక్క ఆగదు.
"ఇదిగో తూము కాడుంది, ఇదిగో దిబ్బెక్కింది" అంటా
చెంగమ్మ సీరియళ్ళు మానేసింది.

ఆదివారం మేతకని బయల్దేరినా,
టీవీఎస్ మీద, కాళ్ళ నడమ గింజ,
చెవులు గాలికి వదిలేసి.
కోవూరు కాడ నూనె వాసన తగిలింది.
నాకు షుగరొచ్చి ఏడాది.
డాక్టరమ్మ చీటీ చెంగమ్మకు కంఠతా.
ఒక్క ప్లేటు బోండా, అంతే కదా!
మొదటిది కొరకంగానే ఫోను.
"యాడుండావు?"
"మేత గోడౌన్లో."
కాసేపు మాట లేదు.
"గింజ మటుకు బోండాలంగడి ముందర
పావుగంటగా కదల్లేదే, దానికేమైంది?"

కిందికి చూసినా.
పచ్చ చుక్క ఆరతా వెలగతా ఉండాది.
గింజ నా చేతిలో ముక్కకేసి చూస్తా ఉండాది.
సాక్ష్యం చెప్పినట్టు దానికేం తెలుసు?
అయినా కూడు పెట్టేది చెంగమ్మ గదా మరి.

"ఎన్ని తిన్నావు?"
"సగం."
"మిగతాది దానికి పెట్టబాక, కారం.
నువ్వూ తినబాక."
మళ్ళీ కాసేపు.
"నాలుగు పొట్లం కట్టించుకొని రా.
నీ ముందర నోట్లో పెట్టుకోలేక
నేను తినీ ఏడాదయింది."

తోపు కాడికి రాంగానే సిగ్నలు పోయింది.
ఆమె ఫోనులో చుక్క అక్కడే ఆగిపోయుంటాది.
మేము మటుకు పోతానే ఉన్నాం,
పొట్లం వేడి
గింజ వీపుకి తగలతా.