చుక్క ముందు, ఆకాశం చివర

గురువారం సాయంత్రాలు మూతపడ్డ బడిలో
పొయ్యి రాజేసేది నేనే.
ఒకప్పుడు ఇక్కడ గంట కొట్టినవాణ్ణి.
గంట ఎవరో పట్టుకుపోయారు, పిల్లలు పట్నం పోయారు,
గోడ మీది రుమేనియా పటం మాత్రం ఉంది,
తేమకి ఒక మూల ఉబ్బి
సముద్రం ఉండాల్సిన చోట కొండ లేచింది.

ఆరున్నరకి వస్తారు ఒక్కొక్కరే,
బూట్ల మంచు గడపలో దులిపి.
కిటికీ పక్క బల్ల చెంచాలు చెక్కేవాళ్ళది.
నడిమి బల్ల ఉన్ని వడికేవాళ్ళది, ఊసులన్నీ అక్కడే.
పొయ్యికి దగ్గరగా ఉన్నది గాజు బల్ల.
గాజుకి చలి పడదంటుంది వెతూరియా.
పడనిది ఆమె మోకాళ్ళకని నాకు తెలుసు.

గాజు మీద బొమ్మ వెనక నుంచి వెయ్యాలి.
కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే.
కాగితం మీదైతే ముందు ఆకాశం, తర్వాత గుర్రం,
గుర్రం కంట్లో తెల్ల చుక్క చిట్టచివర.
ఇక్కడ ఆ చుక్కే మొదట పెట్టాలి,
ఇంకా గుర్రమే లేనప్పుడు.
తర్వాత కన్ను. తర్వాత మొహం, జూలు.
ఆకాశం ఆఖర్న వచ్చి అన్నిటినీ కప్పేస్తుంది.
అప్పుడు తిప్పి చూసుకోవాలి.
దిద్దుకోవడానికి ఉండదు,
మొదటి తప్పు అందరికన్నా ముందు నిలబడుతుంది.

"వెనకా ముందూ చూసుకుని వెయ్యండి" అంటుంది వెతూరియా.
ఆ మాట ఉన్నదున్నట్టు పనికొచ్చే చోటు
ఊరు మొత్తానికి ఈ బల్లొక్కటే.

ఇలారియె బొమ్మలు వెయ్యడు.
ముప్పై ఒక్కేళ్ళు దిగువూరి కార్ఖానాలో గాజు ఊదాడు.
కార్ఖానా పోయింది, బుగ్గలు మిగిలాయి
పాలు పితికేసిన పొదుగుల్లా వదులుగా.
కూలిన ఇళ్ళ కిటికీల నుంచి
అద్దాలు విప్పి గోనెసంచిలో తెస్తాడు,
కొలతకి కోస్తాడు, వెల్లుల్లి రాసి జిడ్డు తీస్తాడు.
ఒక్కో పలకనీ దీపానికి ఎత్తిపట్టి
లోపలి అల మీద గోరు పెట్టి చూపిస్తాడు:
"ఇదిగో, ఇక్కడ వాడు ఊపిరి మార్చుకున్నాడు."
నిజమో కాదో. అందరం తలూపుతాం.

ఈ శీతాకాలం చేరింది పరస్కీవా.
కోళ్ళు పెంచుతుంది. మేం రంగులో కలిపే సొన
ఆమె గంపలోంచి వచ్చిందే.
అందరూ పునీతుల్ని వేస్తుంటే
తను ట్రాక్టరు వేస్తానంది.
ఉన్ని బల్ల దగ్గర కదురు ఆగింది.
వాగు గట్టున ఆ ట్రాక్టరే తిరగబడి
టోడెర్ పోయి రెండేళ్ళు.
వెతూరియా ఏమీ అనలేదు,
సన్న కుంచె ఏరి ఇచ్చింది.

నాలుగు గురువారాలు.
మొదట పేరు, ఆ తర్వాత దీపాలు, చక్రాలు,
చక్రాలకి బురద కూడా, ఎంత బురదో,
సీట్లో వేలెడంత మనిషి, టోపీ.
ఆ పైన ఎరుపు. చివర బూడిదరంగు ఆకాశం.

తిప్పింది.
ట్రాక్టరు భేషుగ్గా ఉంది.
పేరు మాత్రం తోక ముందు పెట్టుకుని
వెనక్కి నడుస్తోంది.
అక్షరాల్ని అద్దంలోలా తిరగేసి రాయాలని
ఆమెకి చెప్పడం మేం అందరం మరిచాం.

పొయ్యిలో తడి కట్టె చిటపటమంది.
"గీకేసి మళ్ళీ..." అని వెతూరియా అనబోతుంటే
పరస్కీవా చేతులు పావడాకి తుడుచుకుంది.
"ఉండనీ. ఆయనకి చదువు రాదు.
ఎటు నుంచి రాసినా ఒకటే."

ముందు నవ్వింది ఇలారియె.
నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు,
మంచినీళ్ళు తెచ్చేలోపు
బల్ల బల్లంతా నవ్వుతోంది, ఆమె కూడా,
మోచేత్తో కళ్ళు ఒత్తుకుంటూ.

అందరూ వెళ్ళాక నిప్పు చెదరగొట్టాను.
పలక నల్లబల్ల అరుగు మీద ఆరుతోంది,
గోడకి మొహం పెట్టి, వీపు నావైపు.
టార్చి వేసి చూశాను.
ట్రాక్టరు లేదు, పేరు లేదు, టోపీ లేదు.
బూడిదరంగు ఆకాశం, ఒక చోట పూత పల్చనై
గోరంత ఎరుపు.

ముట్టుకోబోయి ఆగాను. ఇంకా తడి.
తాళం వేసి తలుపు రెండుసార్లు లాగి చూశాను.