అక్టోబరు నుంచి మార్చి దాకా

తాళాలు చేతిలో పెడుతూ వ్లస్తిమిల్ చెప్పింది ఒక్కటే మాట:
"నీళ్ళు పోయకు."
కింద అంబులెన్సు ఇంజను ఆపలేదు.
తుంటి ఎముక ఆపరేషను, ఆ పైన నడక నేర్పే సానిటోరియం.
సంచిలో రెండు పైజమాలు, ఒక భూతద్దం.
"అస్సలు?" అన్నాను.
"మార్చి దాకా అస్సలు, యిత్కా."

ఒస్ట్రావాలో మాది ఐదో అంతస్తు.
అటు చూస్తే బొగ్గుగని మట్టి గుట్ట.
దాని కడుపులో ఇంకా నిప్పు ఉందట,
ఊరంతా తెల్లబడినా దాని నెత్తిన మంచు నిలవదు.
ఇటు అతని బాల్కనీ:
కూల్చేసిన బడి కిటికీలు తెచ్చి
తనే బిగించుకున్న గాజుగది.
మూడువందల పన్నెండు కుండీలు.
రాత్రంతా ట్రాములు కడిగి వచ్చి
నిద్ర పట్టక లెక్కపెట్టాను.

ప్రతి కుండీలో పెరుగుడబ్బా కోసిన పట్టీ,
దాని మీద పెన్సిలుతో
విత్తనం వేసిన సంవత్సరం,
అతను ఎన్నడూ చూడని ఒక కొండ పేరు.
ఒకదాని మీద మాత్రం
"1974, ఉత్తరంలో వచ్చింది" అని, అంతే.

డిసెంబరు.
పొయ్యి లేని ఆ గదిలో నా ఊపిరి నాకే కనబడేది.
అవి ముడుచుకున్నాయి.
ముసలి మోకాళ్ళలా ముడతలు పడి
మెల్లగా మట్టిలోకి కుంగిపోతున్నాయి.
చూస్తూ ఎలా ఊరుకోను?
ఆ మూల ఉన్న గుండ్రటిదానికి
ముందు ఒక చెంచాడు పోశాను.
మర్నాడు గ్లాసుడు.
అది దాహమనలేదు.
అన్నదని నేనే అనుకున్నాను.

జనవరిలో వేలితో నొక్కితే
మాగిన పియర్ పండులా లోపలికి దిగింది.

ఫోనులో చాలాసేపు మాట లేదు.
వెనక ఎవరిదో దగ్గు, చెంచాల చప్పుడు.
"ఏది?" అన్నాడు. పట్టీ చదివాను.
"ఓ, అదా. అదేమంత గొప్పది కాదులే."
ఆగి,
"ఇరవై రెండేళ్ళు దానికి" అన్నాడు.
తర్వాత గొంతు మారింది.
గనిలో కూలీలను నడిపిన గొంతు.
"కత్తిని స్పిరిటుతో తుడు.
కింది నుంచి పలుచగా కోస్తూ రా.
నడిమి ఉంగరంలో తుప్పురంగు కనబడినంతసేపు ఆగకు.
ప్రతి కోతకీ కత్తి తుడు.
నా మీద జాలితోనో దాని మీద జాలితోనో
ఒక ముక్క ముందే ఆపావో,
మొత్తం పోతుంది."

కోశాను.
ఎనిమిదో ముక్కకి ఉంగరం శుభ్రంగా, లేతాకుపచ్చగా వచ్చింది.
మిగిలింది ఉసిరికాయంత నెత్తి,
దాని చుట్టూ ఏమీ జరగనట్టు
వరసగా ముళ్ళు.
"ఇప్పుడు మట్టిలో పెట్టనా?"
"వద్దు. గుడ్డు తినే గిన్నెలో పెట్టి, బీరువా మీదికెక్కించి,
మర్చిపో."
మొదటి రెండూ చేశాను.

మార్చి పదిహేడున చేతికర్రతో వచ్చాడు.
నా మొహం చూడలేదు, కోటు విప్పలేదు.
తిన్నగా బీరువా దగ్గరికెళ్ళి
గిన్నె దించమన్నాడు.
భూతద్దం పెట్టి, తిరగేసి, నాకూ చూపించాడు.
మట్టి లేదు, చుక్క నీరు లేదు.
ఎండి అట్టకట్టిన కోత నడుమ
పాలపళ్ళలా
మూడు వేర్లు.

ఆ సాయంత్రం మొదటి నీళ్ళు.
పోయడం కాదు, పిచికారీ, మంచు కురిసినంత.
మూడువందల పదకొండు కుండీల మట్టి ఒక్కసారి తడిసి
గదంతా వాన వాసన వేసింది,
అతనికి తెలియని ఆ కొండల మీద
బహుశా వేసే వాసన.
అప్పుడు పాత పట్టీ తీసి,
పెన్సిలు నాలుకకి అద్ది,
సంవత్సరం కింద ఇంకో వరస రాశాడు:
"యిత్కా. డిసెంబరు. ఒక గ్లాసు."
నవ్వలేదు. రికార్డు అంటే రికార్డే.

నాగజెముడు కుండీ జరుపుతుంటే
నా బొటనవేలిలో దిగిన నూగుముల్లు
ఇంకా అక్కడే ఉంది.
భూతద్దానికీ దొరకలేదు.
ట్రాము అద్దం తుడిచేటప్పుడు మాత్రం
ఉండుండి పలకరిస్తుంది.