బదులు

రొయ్యకి రోజుకి నాలుగు పూటలు.
చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత వేలితో కదిపి చూసి
రేపటి లెక్క కడతారు.
మాంసకృత్తులు ముప్ఫై ఆరు పాళ్ళు, కొవ్వు ఐదు,
తేమ పన్నెండుకి మించకూడదు.
ఉండి రోడ్డు మీద మేత ఫ్యాక్టరీ ల్యాబులో
ఎనిమిదేళ్ళు ఆ లెక్కలు రాసింది హైమావతి.

ఒక రాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగిన చెరువు గట్టున
జనరేటరు తాడు లాగుతూ ఏసుపాదం కళ్ళు తిరిగి పడ్డాడు.
క్యారేజీ రాలేదు. గట్టు వదిలితే జీతం కోత.
తెల్లారి నీళ్ళ శాంపిలుకి వెళ్ళి చూసిందీమె.
"రొయ్యకెంత పెట్టాలో గోడ మీద చార్టుంది,
మనిషిది ఎక్కడా రాసిలేదే" అంది,
కోపం లేకుండా, తూకంలో తేడా కనిపెట్టినట్టు.

వీరవాసరంలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ, వెనక గది.
పొయ్యి దగ్గర నేను.
పెసలు, సెనగలు, నువ్వులు, అవిసెలు,
అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటికాయ పొడి.
సెనగ చిటపటమనగానే దింపాలని ఆమెకి నేను చెప్పాను.
మాడితే పోయేదేమిటో నాకు ఆమె చెప్పింది.
లైసిన్ అట. పేరు బాగుంది,
మా మేనకోడలికి పెడదామనుకున్నాను.
పెట్టుబడి: ఆమె పి.ఎఫ్., నా గొలుసు,
ఏసుపాదం ఇచ్చిన మూడు వేలు చేబదులు.

"భోజనానికి బదులు" అని చేత్తో రాసి అంటించాం.
మొదటి మాట జనం మింగేశారు.
"రెండు బదులు ఇవ్వండి" అనేవారు చెరువుల వాళ్ళు,
అప్పడుగుతున్నట్టే.
అప్పుపెట్టినవాళ్ళూ లేకపోలేదు, పట్టుబడి రోజున తీర్చేవారు.
పొట్లం పన్నెండు రూపాయలు.

తర్వాతి సంగతి, పొడి వ్యాపారం కనక, పొడిపొడిగానే చెబుతాను.
కోయంబత్తూరు నుంచి వేపుడు యంత్రం వచ్చి
నా నెలరోజుల పని ఒక్క పూటలో వేపేసింది.
నలభై మందిమి, ఆనక నూట పది.
తలకి టోపీలు. గాజులు తీసి గుమ్మం దగ్గర డబ్బాలో వెయ్యాలి.
హైదరాబాదు నుంచి పెట్టుబడి వాళ్ళొచ్చారు.
మొక్కల తిండే రేపటి తిండని పొద్దున్నంతా మాట్లాడి
మధ్యాహ్నం పులస దొరుకుతుందా అని అడిగారు.
దొరికింది.
పొట్లం సీసా అయింది. వెనిలా, చాక్లెట్.
కొత్త పేరు నాకు నోరు తిరగదు.
నూట అరవై.
"ఆ పన్నెండు రూపాయల సరుకు నష్టం కదా మేడమ్,
ఎవరికోసం?" అన్నాడు కళ్ళద్దాల కుర్రాడు.
హైమావతి బదులివ్వలేదు.
పై నెలనించి పొట్లం ఆగిపోయింది.
నా గొలుసు కుదవనించి వచ్చిందీ ఆ నెలే,
కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

మొన్న ఏసుపాదం వచ్చాడు.
గేటు పుస్తకంలో "వచ్చిన పని" దగ్గర
"బదులు" అని రాశాడట.
బాకీ వసూలనుకుని సెక్యూరిటీ కుర్రాడు కూర్చోబెట్టలేదు.
ఆమె మెట్లమీంచి పరుగున దిగింది.
మూడు వేలు ఎప్పుడో తీర్చేసింది గానీ
వాటా రాస్తానంది, కాయితాలు తెప్పిస్తానంది.
"ఆయ్, డబ్బుక్కాదండి. ఆ పొట్లాలున్నాయేమోనని.
నైటు డ్యూటీ కదా."
చల్లటి సీసాలు పెట్టెడు తెప్పించింది.
ఒకటి అక్కడే మూత తీసి తాగాడు,
మీసం తుడుచుకున్నాడు.
"బానే ఉందండి. ఆకలి పోద్ది.
తిన్నట్టుండదు. అప్పుడూ ఉండేది కాదు లెండి,
కాపోతే అప్పుడు సెనగ వాసనొచ్చేది."

పెట్టె మాత్రం సైకిలుకి కట్టుకునే వెళ్ళాడు.

రాత్రి ఇంటికెళ్ళి చేతులు రెండుసార్లు కడిగి
పప్పన్నం కలుపుకున్నాను.
ముద్దముద్దకీ వెనిలా.
మూడో ముద్దకి లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని,
ఎడం చేత్తో గుప్పెడు సెనగలు పెనం మీద పోసి
చిటపటమనేదాకా నించున్నాను.
అన్నం చల్లారిపోయింది.