ఎర్ర దారం కట్టిన గిన్నె

గుడారం నడిమి రాట మీద
బొగ్గుతో గీసిన గీతల్ని ఇవ్వాళ లెక్కపెట్టాను తఫర్రా.
కింది మూడూ ఒకదాని మీద ఒకటి పడి
ఒకే మచ్చలా ఉన్నాయి.
ఆ మచ్చకి మూడేళ్లు పట్టింది.

అప్పుడు నీ పొట్ట నీళ్లతిత్తిలా ఉబ్బి ఉండేది,
కాళ్లు టీ కెటిల్ ముక్కంత సన్నం.
"దిష్టి" అంది మీ నాయనమ్మ.
"గాలి సోకింది" అన్నాడు మేకల లహ్బీబ్.
నేనేమో ఇంకో రొట్టె ముక్క తుంచి
పాలలో ముంచి నీ నోట్లో పెట్టేదాన్ని,
బలం వస్తుందని.
ఆ చేతిని నేనింకా పూర్తిగా క్షమించలేదు.

ఆస్పత్రి గదిలో నర్సు సుకైనా
కాగితం మడిచి చెప్పింది.
గోధుమ వద్దు, బార్లీ వద్దు,
నలుసు కూడా వద్దు.
ఏడుపు రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది.
ట్రక్కులో వచ్చేది ఆ పిండే.
శుక్రవారానికి పిండి, పెళ్లికి పిండి, చావుకి పిండి.
ఈ రాళ్ల ఎడారిలో గోధుమ కలవనిది
ఇసుక ఒక్కటే గదా సుకైనా, అన్నాను.

ఆ రాత్రే నీ గిన్నె చెవికి ఎర్ర దారం కట్టాను,
నేను చుట్టుకునే మెల్ఫా అంచులోంచి లాగిన దారం.
ఈ గిన్నెలో ఇంకో గరిటె దిగిందా
చెయ్యి విరుస్తానని ఇంటిల్లిపాదికీ చెప్పాను.
మీ నాన్న కూడా భయపడ్డాడు.

మొక్కజొన్న పిండితో మొదటి రొట్టె
పెనం మీంచి తీస్తుంటేనే ముక్కలైంది.
రెండోది రాయి.
మూడోదాన్ని మేక వాసన చూసి వదిలేసింది.
నువ్వు తిన్నావు.
"కొరికితే చప్పుడు బాగుందమ్మా" అన్నావు.
ఇంత తియ్యటి అబద్ధం
ఆరేళ్లకే ఎవరు నేర్పారే నీకు?

అన్ని రోజులూ గెలవలేదు మనం.
ఫాతిమెతు పెళ్లిలో పరదా వెనక
కస్‌కస్ పళ్లెం ముందు దొరికిపోయావు,
గడ్డం నిండా గింజలంటుకుని.
నాలుగు రోజులు బకెట్టు పట్టుకుని నీ పక్కనే ఉన్నాను.
తిట్టలేదు.
ఆకలి తప్పు కాదు.
పదిమందితో ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టాలనుకోవడం
అసలే తప్పు కాదు.
అయిదో రోజు మళ్లీ అన్నం వండాను.
లెక్క ఒకటి నుంచి మొదలెట్టలేదు,
ఆగిన చోటు నుంచే.

ఆ తర్వాతి శుక్రవారం
మీ నాయనమ్మ, దిష్టి అన్న ఆవిడే,
పెద్ద పళ్లెంలో కస్‌కస్ బదులు అన్నం కుమ్మరించి
ఒంటె మాంసం పులుసు దాని మీద ఒంపి
"నా పళ్లకి ఇదే మెత్తన" అంది.
ఆవిడకి పళ్లు లేవు.
తొమ్మిది చేతులు ఒకే పళ్లెంలో.
పదోది నీది.

ఇవ్వాళ తూనిక ముల్లు
పంతొమ్మిది దాటి, ఊగి, ఆగింది.
సుకైనా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.
నీ జడకి కట్టిన పూస జారిపోవడం లేదు.
నీళ్ల ట్యాంకరు వెనక పరిగెత్తి
మగపిల్లలకన్నా ముందు దాన్ని తట్టి వచ్చావు,
మోకాలు గీరుకుని, గర్వంగా.

పండగంటూ ఏం చెయ్యను.
మూడో గ్లాసు టీలో ఇంకో చక్కెర గడ్డ,
అంతే.
నీ పిండి డబ్బాలో గరిటెకి అడుగు తగులుతోంది,
వచ్చే నెల కొత్తది వస్తుందో రాదో.
అది వచ్చే నెల మాట.

రా, రాటకి వీపు ఆన్చి నిలబడు.
మడమలు ఎత్తకే దొంగా,
ఎత్తకపోయినా పెరిగావు.