గడువు

కరకంబాడి రోడ్డులో కొత్త అపార్టుమెంటు.
నలభై ఎనిమిది ఫ్లాట్లు, నలభై ఎనిమిది మొక్కలు.
మే ముప్పై ఒకటి లోపల
పచ్చదనం కనబడకపోతే
తాళాలు ఇయ్యకూడదని రూలు.

టేపు పట్టుకొని నేను పోయేసరికి
అన్నీ వరసగా నిలబడున్నాయి
తనిఖీ రోజు తలదువ్వుకొని వచ్చిన బడిపిల్లల్లాగా.
కానుగ, వేప, పొగడ.
పాదుల్లో నీళ్ళింకా ఇంకలేదు.

వేలితో మట్టి కదిపితే
నల్ల కవరు అంచు తగిలింది.

"తియ్యలేదు సా," అంది నర్సరీ మునిలచ్చుమి.
"ఫోటో అయినాక ఆటోకెత్తాల.
సాయంత్రానికి రేణిగుంటలో ఇంకో బిల్డింగు."
కొంగుతో మెడ తుడుచుకొని మళ్ళీ తనే,
"ఈ రోణి ఎండలో నాటితే ఏది బతుకుతుంది?
మృగశిర దాకా ఆగమని చెప్పు మీ ఆఫీసుకు."

ఆఫీసు ఫారంలో
తేదీకి గడి ఉంది, ఎత్తుకు గడి ఉంది,
గుంత లోతుకు కూడా ఉంది.
కార్తెకు లేదు.

ఫోటో తీశాను.
వెనక శేషాచలం కొండ,
ఎండకు సున్నం కొట్టినట్టు.

నలభై ఏడు తేలిగ్గా వచ్చేశాయి.
గేటు పక్క పొగడ మాత్రం
ఎంత లాగినా రాలేదు.
నేను రావడం ఆలస్యమైన పదిహేను దినాల్లో
కవరు చించుకొని
వేరు కిందికి దిగిపోయింది.

మునిలచ్చుమి దాన్ని వదిలేసింది.
బిందెలో మిగిలిన నీళ్ళు దాని మొదట్లో పోసి
బాడుగ లెక్కలో ఒకటి కొట్టేసింది.

ఆటో పోయింది.
సంతకం చోట ఖాళీ అట్లే ఉంది.
పెన్ను మూత
ఇంకా నా పళ్ళ మధ్యే.